ఎడమ ముందు చక్రం

సంతకం పెట్టనిదే విప్పను అన్నాను. హేమంత్ నవ్వాడు. నవ్వుకోనీ. సిల్తారా ఉక్కు ఫ్యాక్టరీలో అడ్మిన్ ఆఫీసరు, మెడలో తాడుకు వేలాడే కార్డు, చేతిలో రెండు ఫోన్లు. రాయపూర్ మోవాలో రేకుల షెడ్డు కింద గ్రీజు చేతులతో నిలబడ్డ ఆడమనిషి రిజిస్టరు ముందుకు తోసి ఇక్కడ సంతకం పెట్టు అంటే నవ్వక ఏం చేస్తాడు. నేను రాసింది నాలుగు ముక్కలు. పదకొండూ అయిదు. తెల్ల కారు, ఎడమ ముందు చక్రం స్పీడ్ సెన్సారు ప్లగ్గు, ప్రమాదం జరిగాక ఎవరూ విప్పలేదు, ఇప్పుడు విప్పుతున్నాను. ఇది నేను కనిపెట్టిన పద్ధతి కాదు. మా నాన్న బంగారయ్య రైల్వే సిగ్నల్ డిపార్టుమెంటులో ముప్ఫై రెండేళ్ళు చేశాడు, స్టేషన్ మాస్టరు సంతకం పెట్టిన కాగితం జేబులో లేకుండా ఒక్క నట్టు తిప్పలేదు. ఫలానా టైముకి ఫలానాది విప్పుతున్నాను అని ఒక కాగితం, బిగించాను, పరీక్ష చేశాను అని ఇంకో కాగితం. ఇంట్లో ఫ్యాను విప్పినా మా అమ్మ పార్వతమ్మ చేత గోడ క్యాలెండరు మీద సంతకం పెట్టించేవాడు, అమ్మ ఒక చేత్తో గరిటె పట్టుకుని, నోటితో తిడుతూ, రెండో చేత్తో పెట్టేది. రైల్వే కాలనీలో మా ఇంటి క్యాలెండర్లు చూస్తే ఏ ఏడాది ఏ నెల ఏది పాడైందో ఇప్పటికీ చెప్పొచ్చు. "ఒక్క సెన్సార్ కోసం గింత లిఖా-పఢీ ఎందుకు దీదీ" అని గొణిగి హేమంత్ సంతకం పెట్టాడు, పొడుగ్గా, కింద గీత గీసి, ఎంత పెద్ద ఆఫీసరో తెలిసేలా. మంచిదే. సంతకమంటే అలాగే ఉండాలి, ఎవరిదో తరవాత ఎవరూ కాదనలేనట్టు.

గంట టైమిచ్చాడు. నా మొహం చూసి కాదు, నా నోరు చూసి. పోయినేడు కాంట్రాక్టు డ్రైవర్ల సెలవుల కోసం వాళ్ళ గేటు ముందు రెండు రోజులు కూర్చున్నది నేనే, చాప వేసుకుని, మెగాఫోను పట్టుకుని, తెలుగులో, హిందీలో, వచ్చీరాని ఛత్తీస్‌గఢీలో. ఈ పిశాచికి ఒక గంట పారేస్తే అరవకుండా ఉంటుందని లెక్క వేసుకుని, షోరూముకు పోయే దారిలో లోడింగు బండిని ఇక్కడ ఆపించాడు. పన్నెండు కొట్టగానే కారు మళ్ళీ బండెక్కుతుంది. షోరూము వాళ్ళు కంప్యూటరు తగిలిస్తారు, అది సెన్సారు అంటుంది, సెన్సారూ పక్కనున్న తీగా కలిపి పీకి చెత్తబుట్టలో వేస్తారు, కారు మెదడులో ఉన్న పాత తప్పుల జాబితా తుడిచేస్తారు, కడిగి తాళాలిస్తారు. మూడింటికి ఫ్యాక్టరీలో విచారణ. అందులో గురునాథం చిన్నాన్న నిద్రపోయాడు అని రాస్తారు. అంతే. ఒక్క మాట. నిద్రపోయాడు. ఆ మాట కాగితం మీదికి ఎక్కితే గేటు పాస్ తిరిగి రాదు, సిల్తారాలో ఇంకే ఫ్యాక్టరీ గేటూ తెరుచుకోదు, ఇరవై ఆరేళ్ళు స్టీరింగు పట్టిన చేతులు ఆ మాట కింద నలిగిపోతాయి. మిషన్ పాడైతే మిషన్‌కి విచారణ ఉండదు, మనిషికే ఉంటుంది, ఎందుకంటే మిషన్‌ని తిడితే కొన్నవాడిని తిట్టినట్టు, మనిషిని తిడితే ఎవరికీ తగలదు.

ఆయన అక్కడ పాత టైరు మీద కూర్చుని ఉన్నాడు, మోకాళ్ళ మధ్య ఖాళీ టిఫిన్ క్యారియరు. రక్తసంబంధం కాదు, పలాస పక్కన నాన్న ఊరి మనిషి, నేను పుట్టకముందు నాన్న రాసిన ఉత్తరం పట్టుకుని రాయపూర్ వచ్చాడు, అప్పటి నుంచి చిన్నాన్నే. నాలుగు రోజుల క్రితం పొద్దున, వాన, ఫ్యాక్టరీ గేటు, బండి ఇరవై వేగంలో కూడా లేదు. బ్రేకు తొక్కాడు. బండి ఆగలేదు. అడ్డకర్రను విరిచి గేటు గార్డు సాహూ కాలి మీదికి పోయింది. కాలు రెండు చోట్ల విరిగింది. అప్పటి నుంచి రోజూ పొద్దున్నే చిన్నాన్న ఆ క్యారియరులో ఇడ్లీ పట్టుకుని ఆసుపత్రికి పోతున్నాడు, సాహూకి ఇడ్లీ నచ్చదు, తింటున్నాడు. సాహూ చెప్పాడట, కళ్ళు తెరిచే ఉన్నాయి, నన్ను చూస్తూనే వచ్చాడు, మొహంలో భయం నాకు కనబడింది అని. మంచం మీదున్నవాడి మాట విచారణలోకి ఎవరు మోసుకొస్తారు. "నాను నిద్దరోలేదు తల్లీ" అన్నాడు చిన్నాన్న కారు దించుతుంటే, మెల్లిగా, హేమంత్‌కి వినబడకుండా, నేను నమ్మనేమో అని అనుమానంగా. "కాలు కింద పెడలు గడగడలాడీసింది. తొక్కతన్నాను, అది నన్ను తోసేస్తంది." నాకు చెప్పాలా ఆ సంగతి. జులైలో చెప్పాడు కదా ఇదే మాట. జులై పేజీ ఈ రిజిస్టరులోనే ఉంది, ఇరవై పేజీలు వెనక. ఇప్పుడు కాదు. ముందు స్కానరు.

స్కానరు చూపించింది, పాత తప్పు, ఎడమ ముందు చక్రం, సిగ్నలు సరిగా లేదు. హేమంత్ నా భుజం మీదుగా చూసి, చూశావా సెన్సారే, ఇంకేం, గుద్దినప్పుడు పాడైంది అన్నాడు. స్కానరు కొనుక్కున్న ప్రతివాడూ డాక్టరే ఈ ఊళ్ళో. అది సెన్సారు పేరు చెబుతుంది, అంటే ఆ ఇంట్లోంచి కబురు రావట్లేదని అర్థం, ఇంట్లో మనిషి చచ్చాడని కాదు. మనిషి చచ్చాడో, దారి తెగిందో, కబురు మోసేవాడు మధ్యలో తాగి పడిపోయాడో వెళ్ళి చూడాలి. చక్రం పక్కన ఉండే ఆ చిన్న ముక్క చక్రం ఎంత వేగంగా తిరుగుతోందో బ్రేకును కాపలా కాసే ఏబీఎస్ డబ్బాకి క్షణక్షణం చెబుతూ ఉంటుంది. కబురు పూర్తిగా ఆగిపోతే ఫర్వాలేదు, డాష్‌బోర్డు మీద దీపం వెలుగుతుంది, డబ్బా పక్కకు తప్పుకుంటుంది, మామూలు బ్రేకు పడుతుంది. కబురు తెగీ తెగనట్టుంటేనే చావు. చక్రం బిగుసుకుపోయింది, బండి జారుతోంది అని డబ్బా పొరబడి, జారకుండా కాపాడుతున్నాననుకుంటూ బ్రేకు వదిలేస్తుంది. మనిషి తొక్కుతాడు, అది వదులుతుంది, మళ్ళీ తొక్కుతాడు, మళ్ళీ వదులుతుంది, పెడలు కాలిని తన్నుతుంది, బండి పోతూనే ఉంటుంది. తొక్కినవాడు మాత్రం నిద్రపోయాడు.

మొదట జాకీ ఎత్తి సెన్సారు బయటికి లాగాను. కొనకు నల్లటి గడ్డం, అతుక్కుపోయిన ఇనుప దుమ్ము. సిల్తారా గడ్డం అంటాం దీన్ని. స్పాంజ్ ఐరన్ కొలిమిల దుమ్ము అక్కడ డాబాల మీద, తులసాకుల మీద, ఆరేసిన బట్టల మీద, పిల్లల చెవుల వెనక. సెన్సారులో అయస్కాంతం ఉంటుంది, దానికి ఆ దుమ్మంటే ప్రాణం. అందుకే రాయపూర్ మెకానిక్కు ఎవడైనా సరే, సిల్తారా కారు, చక్రం సెన్సారు అనగానే పెట్రోలు గుడ్డతో గడ్డం గీసి, అయిపోయింది పో అంటాడు. నూటికి తొంభై సార్లు అయిపోతుంది కూడా. ఆ తొంభై మనల్ని చెడగొడతాయి. మిగతా పది వచ్చినప్పుడు గుడ్డ ముందే చేతిలో ఉంటుంది. నా చేతిలోనూ ఉంది, జులైలో. చిన్నాన్న ఇదే కారు తెచ్చాడు, సాయంత్రం, పెడలు అప్పుడప్పుడు తంతంది తల్లీ అన్నాడు, జాకీ ఎత్తాను, గడ్డం గీశాను, తీగకు మీటరు పెట్టాను, తెగలేదని కూత వచ్చింది, సరే పో అన్నాను. బయట ఇంకో నాలుగు బండ్లు నిలబడి ఉన్నాయి. ఆ సాకు నాకే నచ్చదు. ఎవరైనా నాతో అంటే మొహం మీదే ఉమ్మేదాన్ని. ఇప్పుడు కాదు, ఇప్పుడు కాదు అంటే వచ్చి కూర్చుంటుందే ఈ జులై. సెన్సారు మంచిదే, తిప్పి చూశాను, చక్కగా కబురు పంపుతోంది. ఇంట్లో మనిషి బతికే ఉన్నాడు. ఇక దారి చూడాలి.

దారి అంటే తీగ. చక్రం దగ్గర నుంచి షాకబ్జరు పక్కగా పైకి, బానెట్ కింద డబ్బా దాకా. రెండు చివర్లూ విప్పి మీటరు పెట్టాను. కూత. జులైలో కూసినట్టే, అదే గొంతు, సిగ్గులేని కూత. హేమంత్ చప్పట్లు కొట్టబోయాడు, తీగ ఠీక్ ఉంది కదా దీదీ, ఇక కారు బండి మీదికి ఉఠాయిస్త అన్నాడు. లోడింగు బండి డ్రైవరు ఖైనీ నలుపుతూ గుమ్మంలోకి వచ్చి "కతేక్ బేర్ లగహీ దీదీ" అన్నాడు, ఎంతసేపు అని. పదకొండూ ఇరవై అయిదు. ఎండ రేకుల మీద కూర్చుని లోపలికి దిగుతోంది, భాద్రపదం ఎండ, వాన పడి వదిలేసిన ఎండ, చెమట ఆరదు. మీటరు ఎంత కరెంటు పంపి ఆ తీగను పరీక్ష చేస్తుంది? చీమ తుమ్మినంత. అంత కరెంటు కుళ్ళిన రాగిలోంచి కూడా పోతుంది. నాన్న మీటరు కూతను నమ్మేవాడు కాదు. ఛత్తీస్‌గఢ్ రాష్ట్రం కొత్తగా వచ్చాక మొదటి వానాకాలం, నాకు పధ్నాలుగు, ఉర్కురా స్టేషను దగ్గర ఒక సిగ్నలు ఊరికే ఎర్రగా నిలిచిపోతోంది, పట్టాల మీద బండి లేకపోయినా ఉన్నట్టే. మూడు రోజులు ఇంజనీర్లు వచ్చి మీటర్లు పెట్టి, అంతా బాగుందని రాసి వెళ్ళారు. వాళ్ళు వెళ్ళిన రోజే మళ్ళీ ఎర్ర. నాన్న కంకర మీద గొంతుక్కూర్చున్నాడు, నేను గొడుగు పట్టుకుని నిలబడ్డాను, గొడుగు ఆయనకి కాదు, ఆయన చేతిలో తీగను పరీక్ష చేసే బల్బుకి. బొగ్గు గూడ్సు వచ్చింది. యాభై ఎనిమిది వ్యాగన్లు. ఒక్కో చక్రం ఎక్కినప్పుడల్లా రెండు పట్టాల అతుకు కిందికి నొక్కుకుని పైకి లేస్తోంది, ఆ అతుకు మీద కట్టిన రాగి తీగ వెంట్రుకవాసి ఎగిరి పడుతోంది. ఆయన చూసింది ఆ వెంట్రుకవాసి. బండి పోయాక నీళ్ళోడుతున్న మొహంతో నవ్వాడు. "ఖాళీ పట్టా ఎప్పుడూ మంచిదేనే గుంటా. బండెక్కినప్పుడు సూడాల." ఇంజనీరు వచ్చి తన పేరు మీద రిపోర్టు రాసుకున్నాడు. నాన్న కాగితంలో మాత్రం టైము, చోటు, తీగ, సంతకం. ఆ కాగితం నా దగ్గరుంది. రిపోర్టు ఎక్కడుందో ఆ ఇంజనీరుకే తెలియదు.

ఐటీఐలో నన్ను చేర్చుకోలేదు. ఎలక్ట్రీషియన్ ట్రేడు అంటే క్లర్కు కుట్టు ట్రేడు ఫారం ఇచ్చాడు. నేను ఆ ఫారం వెనక వైపు రిలే బొమ్మ గీసి ఇచ్చి బయటికొచ్చాను. బొమ్మ తప్పు గీశానని ఆరేళ్ళ తరవాత తెలిసింది, అది వేరే సంగతి, గీసినప్పుడు పొగరుగానే గీశాను. ఆ తరవాత చదువంతా కాలిన తీగల దగ్గరే. అభన్‌పూర్ రోడ్డు మీద ట్రక్కుల కింద పడుకుని నేర్చుకున్నాను, ఏ రంగు తీగ ఎక్కడికి పోతుందో వేళ్ళతో, మసక వెలుతురులో. పుస్తకం హిందీలో దొరికితే హిందీలో, ఇంగ్లీషులో దొరికితే బొమ్మలు చూసి. ఇవాళ ఈ మోవా రోడ్డు మీద షోరూములు తిప్పి పంపిన బండ్లు నా షెడ్డు ముందు ఆగుతాయి. చెప్పుకుంటాను, ఎందుకు చెప్పుకోకూడదు, వాడెవడో రిబ్బను కత్తిరిస్తేనే గోడ మీద పేరు చెక్కించుకుంటాడు. నా గర్వం నేను సంపాదించుకున్నది, ఎవరి చేతా దండ వేయించుకోలేదు. అందుకే ఆ జులై పేజీ ఇలా గుచ్చుతోంది. బండెక్కినప్పుడు చూడాలని పధ్నాలుగేళ్ళకే వానలో నిలబడి నేర్చుకున్న మనిషిని, జాకీ మీద చక్రం గాల్లో వేలాడుతుంటే తీగను చూసి, పో అన్నాను.

జాకీ. ఆగు. చక్రం వేలాడుతుంటే తీగ ఒక తీరుగా ఉంటుంది. బ్రేకు తొక్కితే బండి ముక్కు కిందికి దిగుతుంది, షాకబ్జరు నొక్కుకుంటుంది, తీగ ఇంకో తీరుగా వంగుతుంది. ఆ వంపులో చూడాలి. ఖాళీ పట్టా చూస్తున్నానే ఇంకా, ఇప్పుడు కూడా. జాకీ దించేశాను. నాన్న బల్బు తీశాను, పన్నెండు వోల్టుల సిగ్నలు బల్బు, పనికిరాని సామానులోంచి అడిగి తెచ్చుకున్నది, ఆయన పోయాక ఇంకేదీ అడగలేదు నేను, ఇదొక్కటే అడిగాను. రెండు చివర్లూ డబ్బా నుంచీ సెన్సారు నుంచీ విప్పే ఉన్నాయి కాబట్టి ఒక చివర బ్యాటరీ, రెండో చివర బల్బు. ఇది చీమ తుమ్ము కాదు, తీగ నిజంగా మోయాల్సిన బరువు, ఇంకా ఎక్కువే. వెలిగింది. కానీ పసుపుగా, నీరసంగా, జ్వరం మనిషి కళ్ళలా. పక్క తీగకు పెడితే తెల్లగా ఫెళ్ళుమని వెలిగింది. తీగలు పక్క నుంచి బయటికి లాగి బానెట్ మెల్లిగా దించి, హేమంత్‌తో ఎక్కి కూర్చో అన్నాను.

ఎక్కడ అన్నాడు. బానెట్ మీద అన్నాను. అతను తన ప్యాంటు చూసుకున్నాడు, లేత బూడిద రంగు, ఇస్త్రీ మడత, చూసి నన్ను చూశాడు. గంట నాది అన్నావు కదా, ఇంకా ఇరవై నిమిషాలుంది, కూర్చో. కూర్చున్నాడు, ఒక పక్కగా, పెళ్ళిచూపుల్లో కూర్చున్నట్టు. ముక్కు కొంచెం దిగింది. బల్బు వణికింది, ఆరలేదు. చాలదు, సన్నగా ఉన్నాడు. చిన్నాన్నా నువ్వు కూడా రా అన్నాను. ఆయన లేచి నిలబడి ఆఫీసరు పక్కన ఎలా కూర్చోను అన్నట్టు ఆగిపోయాడు. ఇరవై ఆరేళ్ళు ముందు సీట్లో కూర్చుని వెనక సీటు వాళ్ళను మోసిన మనిషి, బానెట్ మీద ఆఫీసరు పక్కన కూర్చోవడానికి సిగ్గుపడుతున్నాడు. నాకు అరవాలనిపించింది. హేమంతే జరిగాడు. జరిగి, పక్కన చేత్తో దుమ్ము తుడిచి, "రాండి అంకుల్, కూసోండి" అన్నాడు. ఆ ఒక్క తుడుపు వల్ల అతని మీద సగం కోపం పోయింది, సగం ఉంచుకున్నాను. చిన్నాన్న కూర్చున్నాడు. ఇద్దరి బరువుకీ బండి ముక్కు కుయ్‌మని దిగింది. బల్బు ఆరిపోయింది.

దిగండి అన్నాను. దిగారు. వెలిగింది. ఎక్కండి. ఎక్కారు. ఆరింది. మూడోసారి మెల్లిగా ఊగండి అన్నాను, ఇద్దరూ ఊగారు, ఆఫీసరూ డ్రైవరూ, ఒకే లయలో, చిన్నపిల్లల్లా, నాన్న బల్బు మినుకు మినుకుమంటూ, వెలుగూ చీకటీ వెలుగూ చీకటీ, అదే, అదే చిన్నాన్న కాలి కింద గడగడ, పెడలు తన్నిన తన్ను, నా కళ్ళ ముందు దీపంలా కొట్టుకుంటోంది. లోడింగు బండి డ్రైవరు ఖైనీ నోట్లో వేసుకోవడం మరిచిపోయి చూస్తున్నాడు. నాన్నా, చూశావా. వెంట్రుకవాసి. ఊళ్ళో ఏ షోరూములోనైనా ఇలా ఆఫీసరును బానెట్ ఎక్కించి తీగను పట్టినవాడున్నాడా. నాకు నవ్వొస్తోంది, చిన్నాన్న మొహం చూడలేదు, చూస్తే పని ఆగిపోతుంది.

షాకబ్జరు పక్కన తీగను పట్టుకునే క్లిప్పు లేదు. ఎప్పుడో ఎవడో డెంటు తీస్తూ పీకి పారేశాడు. క్లిప్పు లేక తీగ ఇనుప అంచుకు రాసుకుని రాసుకుని పైతొడుగు గోరంత చీలింది, ఆ చీలికలో సిల్తారా దుమ్మూ వాననీళ్ళూ. బ్లేడుతో మెల్లిగా తెరిచాను, హేమంత్‌ను దగ్గరికి వంగమన్నాను, ఫోనులో ఫొటో తియ్యమన్నాను, నా ఫోనులో కాదు, నీ ఫోనులో. లోపల రాగి లేదు. పచ్చగా, గుడిలో పాత చెంబు అడుగులా పచ్చటి పొడి, ఆ పొడిలో రెండు మూడు పోగులు ఒకదాన్నొకటి తాకీ తాకకుండా. హేమంత్ చాలాసేపు చూశాడు. తెలివితక్కువవాడు కాదు. గుద్దినప్పుడే తెగిందని మావాళ్ళు అంటరు దీదీ అన్నాడు, ఈసారి నవ్వకుండా. గుద్దింది కుడి పక్క, ఇది ఎడమ, అన్నాను. పైగా నాలుగు రోజుల కింద తెగిన రాగి ఎర్రగా మెరుస్తుంది, ఇది పచ్చబడింది, పచ్చబడాలంటే నెలలు పట్టాలి, మీ పెద్దసారు ఇంట్లో రాగి బిందె ఉంటే అడుగు, వాళ్ళావిడ చెబుతుంది. తలూపాడు. అక్కడితో ఐపోయిందనుకున్నాను. కానీ ఆఫీసరు బుర్ర కదా, ఇంకో గది తెరిచింది. అట్లయితే నెలల నుంచి పెడల్ తన్నుతుండాలె, మరి డ్రైవర్ ఒక్కసారన్నా కంప్లెయింట్ ఇయ్యాలె కద, మా దగ్గర ఒక్క కాగితం లేదు, ఎవ్వరికీ చెప్పకుండ అదే బండి నడిపిండంటే అది కూడ ఆయన తప్పే అయితది, అన్నాడు. అన్యాయంగా అనలేదు. మూడింటికి అక్కడ అడగబోయే ప్రశ్నే ముందుగా అడిగాడు.

పదకొండూ యాభై. చిన్నాన్న నేల వంక చూస్తున్నాడు. అప్పుడు నాకు వెలిగింది, బల్బు కంటే ఆలస్యంగా. నాలుగు రోజులుగా అడుగుతున్నారు ఆయన్ని, సెక్యూరిటీ వాళ్ళు, పెద్దసార్లు, అందరూ. జులైలోనే చెప్పాను, మెకానిక్కు చూసి బాగుందంది అని ఒక్క మాట అంటే సగం బయటపడేవాడు. అనలేదు. ఎందుకు చెప్పలేదు చిన్నాన్నా అన్నాను. ఆయన క్యారియరు మూత తీసి పెట్టి, తీసి పెట్టి, చివరికి అన్నాడు. "ఏటి సెప్పమంటావు. నీ పేరెత్తితే నీ షెడ్డు కాడికి ఇంకో బండి వస్తాదా? పోనీ తల్లీ. నాదేటి, ఇంకో నాలుగేళ్ళు." నాలుగేళ్ళట. నా పేరు కోసం తన పేరు పారేసుకుంటున్నాడు, సాహూకి ఇడ్లీ మోసినంత మామూలుగా. నా గర్వాన్ని ఈయన కాపలా కాస్తున్నాడా. నాలుగు రోజులు ఈయన నిద్రపోయినవాడిగా తిరిగాడు, నేను రోడ్డు మీద నెంబర్ వన్నుగా తిరిగాను. నాకు కాలింది. సిగ్గుతో మొదలై కోపమై, కోపం దాటి ఇంకేదో అయింది. ఎవరడిగారు నిన్ను. నా పేరును ఎవరూ మొయ్యక్కర్లేదు. అది అంత పల్చటి తీగ కాదు.

ఇరవై పేజీలు వెనక్కి తిప్పాను. జులై పధ్నాలుగు. నా రాతే, వంకర రాత. తెల్ల కారు, డ్రైవరు గురునాథం, ఫిర్యాదు: బ్రేకు తొక్కితే పెడలు తంతోంది, బండి ఆగడం లేదు. కింద, దుమ్ము తుడిచాను, తీగ మీటరులో బాగుంది, పంపించాను. పక్కన చిన్నాన్న సంతకం, నా సంతకం. విప్పితే సంతకం, బిగిస్తే సంతకం. నాన్న పెట్టిన అలవాటు నన్నే పట్టించింది. ఆ పేజీ ఒక్కటి చింపితే నేను ఎప్పటి గంగాభవానినే, ఈయన నిద్రపోయినవాడు. రెండు నిమిషాల పని. చింపేవాళ్ళు చింపుతారు, ఆఫీసుల్లో బీరువాలకు బీరువాలే చింపేస్తారు, నేను గేటు ముందు అరిచేది వాళ్ళ మీదే. హేమంత్ ముందు పెట్టి గట్టిగా చదివాను, లోడింగు బండి వాడికి కూడా వినబడేలా. తరవాత ఇవాళ్టి పేజీలో రాశాను. ఎడమ ముందు చక్రం తీగ, క్లిప్పు లేదు, లోపల పచ్చబడింది, ముక్కు దిగితే తెగుతోంది, మూడుసార్లు చూశాం. జులై పధ్నాలుగున డ్రైవరు చెప్పాడు. నేను జాకీ మీద చూశాను, బరువు మీద చూడలేదు. తప్పు నాది. పేరు రాశాను, పూర్తి పేరు, బంగారయ్య కూతురు గంగాభవాని, గంగ అని పొట్టిగా కాదు. ఆ నాలుగు అక్షరాలు, తప్పు నాది అనే ముక్క, పెన్ను ఎత్తకుండా రాశాను. ఐటీఐ ఫారం వెనక బొమ్మ గీసినప్పటి కంటే నిటారుగా ఉంది నా రాత. ఈసారి బొమ్మ సరిగ్గా ఉంది మరి.

హేమంత్ కింద సంతకం పెట్టాలా వద్దా అని పెన్ను పట్టుకుని ఆగాడు. నేను అరవలేదు, వాళ్ళ గేటు ముందు రెండు రోజులు అరిచాను, ఇప్పుడు అవసరం లేదు. పొద్దున నువ్వు పెట్టిన సంతకం ఇక్కడుంది, ఫొటో నీ ఫోనులో ఉంది, నీ ప్యాంటు వెనక బానెట్ దుమ్ముంది అన్నాను. వెనక్కి తిరిగి చూసుకున్నాడు. ఇంకో మాట కూడా అన్నాను, ఈ బండిలో రోజూ వెనక సీట్లో కూర్చునేది ఎవరు అని. అతనే. పొద్దున మోవా నుంచి ఎక్కుతాడు, సాయంత్రం దిగుతాడు. పెట్టాడు. పొట్టిగా, గీత లేకుండా. తీగను అతికించవా తల్లీ అని చిన్నాన్న అడిగాడు, బండి పాడుగా ఉంటే ఊరుకోలేడు పాపం. అతికించను. ఇది తెగే ఉండాలి మూడింటి దాకా. చీలిక మీద పాలితీన్ చుట్టి, ఎవరూ చెయ్యి పెట్టకుండా, నాన్న కట్టినట్టే దారంతో ఎర్ర గుడ్డ కట్టాను, దాని మీద టైము. పన్నెండూ రెండు.

షోరూముకు కాదు, ఉల్టా తిప్పు, సిల్తారా, అని హేమంతే చెప్పాడు లోడింగు బండికి. అతను ముందు తన బైకు మీద పోతున్నాడు, వెనక దుమ్ము మరక గాలికి పోకుండా అలాగే. క్యాబిన్‌లో ముగ్గురం, డ్రైవరు, మధ్యలో చిన్నాన్న, కిటికీ దగ్గర నేను, ఒడిలో రిజిస్టరు, దాని మీద గుడ్డలో చుట్టిన బల్బు. చిన్నాన్న కుడికాలు గుంతలొచ్చినప్పుడల్లా లేని బ్రేకును తొక్కుతోంది. రోడ్డు మీద నా షెడ్డు వెనక్కి పోతోంది, షట్టరు సగం దించి వచ్చాను, రేపు ఎవరొస్తారో రారో రానీ, వచ్చినవాళ్ళకు ఆ పేజీ కూడా చూపిస్తాను. అక్కడికి పోయి ఏం చేస్తావు దీదీ అని అడిగాడు డ్రైవరు. పొద్దున చేసిందే చేస్తాను, విచారణ గదిలో కాదు, బయట, అందరి ముందు అన్నాను. మీ పెద్దసారు బరువెంత ఉంటాడు చిన్నాన్నా అని అడిగాను. నాలుగు రోజుల్లో మొదటిసారి ఆయన మీసాల కింద ఏదో కదిలింది. "లావేనే తల్లీ. ఆయనొక్కడే సరిపోతాడు."